ఎలైజా ఫెనింగ్ చెప్పిన నాలుగు ముక్కలు

"అయ్యా, నేను ఏ పాపం ఎరగను. దేవుడే నాకు సాక్షి. నిజంగా ఎరగను. నా పని నాకు నచ్చింది, ఆ ఇంట్లో సుఖంగానే ఉన్నాను. అయ్యగారికి నేను సాయం చేయలేదంటున్నారు, అప్పుడు నాకే ఒంట్లో బాగోలేదు. ఆ సొరుగు జోలికి నేనెప్పుడూ పోలేదు. కాగితం ముక్క కావాల్సి వస్తే అడిగే తీసుకునేదాన్ని."

1815 ఏప్రిల్ 11న లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో, ఎలైజా ఫెనింగ్ అనే వంటమనిషి తన ప్రాణం కాపాడుకోవడానికి చెప్పిన మాటలు దాదాపు ఇవే. ఆ కోర్టు పాత రికార్డులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. సాక్షుల మాటలు పేజీల కొద్దీ ఉంటాయి. ముద్దాయి మాట మాత్రం ఇంతే. ఈ నాలుగు ముక్కలు చెప్పినందుకు ఆ అమ్మాయికి దొరికింది ఉరిశిక్ష.

నేను లాయర్‌ని కాదు, చరిత్ర చదువుకున్నవాణ్ణి కూడా కాదు. కానీ ఆ మాటలు చదవగానే ఇవి నేనెక్కడో విన్నవే అనిపించింది. "అడిగే తీసుకునేదాన్ని" అన్న ఆ ఒక్క ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేను విన్నది మా అమ్మ నోటి నుంచి. ఆ సంగతి కాసేపాగి చెబుతాను. ముందు ఎలైజా కథ.

ఆమె తండ్రి సైన్యంలో పనిచేసినవాడు. తల్లిది ఐర్లండ్‌లోని కార్క్. చిన్న వయసు నుంచే ఇళ్ళల్లో పనిచేస్తూ వచ్చిన ఎలైజా, 1815 జనవరి చివర్లో చాన్సరీ లేన్‌లోని రాబర్ట్ టర్నర్ ఇంట్లో వంటకు కుదిరింది. టర్నర్ వాళ్ళది లాయర్లకు కావలసిన దస్తావేజులు, కాగితాలు తయారుచేసి అమ్మే వ్యాపారం. ఇంట్లో రాబర్ట్, అతని భార్య షార్లెట్, ఇంకో పనిమనిషి, పని నేర్చుకునే కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. రాబర్ట్ తండ్రి ఆర్లిబార్ టర్నర్ వస్తూ పోతూ ఉండేవాడు.

మార్చి 21న ఎలైజా ఈస్ట్ వేసి పులియబెట్టిన పిండితో డంప్లింగ్స్ చేసింది. మన ఉండ్రాళ్ళలా ఉడికించే పిండి ఉండలు అనుకోండి. టర్నర్లు ముగ్గురూ వాటిని మాంసంతో పాటు తిన్నారు. కొద్ది నిమిషాల్లోనే కడుపు మండి, వాంతులు మొదలై, ముగ్గురూ మంచాన పడ్డారు. ఆ డంప్లింగ్స్‌లోంచి ఓ ముక్క తిన్న కుర్రాడికీ అదే జరిగింది. ఎలైజా కూడా తిన్నది. ఆమె కూడా పడిపోయింది. చివరికి అందరూ బతికారు, ఒక్కరు కూడా చనిపోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ ఇంటి ఆఫీసు గదిలో, తాళం లేని సొరుగులో, ఎలుకల కోసం తెచ్చిన పాషాణం (ఆర్సెనిక్ అనే విషం) పొట్లం ఉండేది. దాని మీద విషం అని రాసి కూడా ఉంది. అదే సొరుగులో పనికిరాని కాగితాలు వేసేవాళ్ళు. పొయ్యి వెలిగించడానికి కాగితాల కోసం ఎలైజా ఆ సొరుగు తెరిచే ఉంటుంది, పొట్లం చూసే ఉంటుంది, చదవడం కూడా వచ్చు కదా అన్నారు. మరి కారణం? పనిలో చేరిన కొన్నాళ్ళకు, రాత్రిపూట సరిగా బట్టలు లేకుండా కుర్రాళ్ళ గదిలోకి వెళ్ళిందని షార్లెట్ ఆమెను తిట్టింది, పనిలోంచి తీసేస్తానని కూడా అంది. ఆ కోపంతో ఇంటిల్లిపాదికీ విషం పెట్టిందన్నారు.

కోర్టులో జాన్ మార్షల్ అనే సర్జన్ సాక్ష్యం చెప్పాడు. గిన్నె అడుగున మిగిలిన పిండిని నీళ్ళతో కడిగితే తెల్లటి పొడి తేలిందని, అది పాషాణమేనని అన్నాడు. డంప్లింగ్స్ కోసిన కత్తులు నల్లబడ్డాయి కదా, పాషాణం వల్ల అలా అవుతుందా అని అడిగితే, సందేహమే లేదన్నాడు. పిండి పొంగకుండా గట్టిగా, నల్లగా ఉండిపోవడాన్ని కూడా విషానికి గుర్తుగానే చూశారు. పాషాణం కత్తిని నల్లబరచదు. పిండి పొంగడాన్ని ఆపదు. ఈ సంగతి ఆ ఏడాదే వేరేవాళ్ళు ప్రయోగాలు చేసి చెప్పారు, కానీ ఆ ఉదయం కోర్టు గదిలో చెప్పినవాళ్ళు లేరు. తిండిలో, శరీరంలో ఉన్న పాషాణాన్ని నమ్మకంగా పట్టుకునే పరీక్షను జేమ్స్ మార్ష్ లోకానికి చెప్పింది 1836లో.

జడ్జి స్థానంలో ఉన్నది లండన్ రికార్డర్ (ఆ నగరంలో ఒక జడ్జి పదవి పేరు అది) సర్ జాన్ సిల్వెస్టర్. జ్యూరీకి, అంటే దోషో కాదో తేల్చే పౌరులకు, కేసు సారాంశం చెబుతూ ఆయనన్న మాట ఒకటి అచ్చులోకి వచ్చింది. కుక్కకు విషం పెట్టినా కాస్త మానవత్వం ఉన్నవాళ్ళు దాన్ని ఆదుకుంటారు, ఇక్కడ యజమానులిద్దరూ విషంతో గిలగిల్లాడుతుంటే ఈమె ఏ సాయమూ చేయలేదు అన్నాడాయన. ఆమె అప్పటికే చెప్పింది కదా, నాకే ఒంట్లో బాగోలేదని! ఆమె కూడా వాంతులు చేసుకుంటూ పడి ఉందని సాక్షులే చెప్పారు. ఆ సాక్ష్యాన్ని, ఈ మాటను పక్కపక్కన పెట్టి, "అయ్యా జ్యూరీ పెద్దలారా, ఇది చూడండి" అని చూపించేవాళ్ళు కావాలి. చూపించేవాళ్ళు లేరు.

లాయర్ లేడా అంటే, ఉన్నాడు. పేరు ఆలీ. సాక్షుల్ని కొన్ని ప్రశ్నలు అడిగి, తన పని అయిపోయిందని వెళ్ళిపోయాడు. తీర్పు చెప్పే వేళకు కోర్టులో లేడు. ఆయన్ని తిట్టాలనే అనిపిస్తుంది గానీ, ఉండి మాత్రం ఏం చేసేవాడు? ఇంగ్లండ్‌లో అప్పటి పద్ధతి ప్రకారం హత్య, దొంగతనం, విషప్రయోగం లాంటి పెద్ద నేరాల్లో ముద్దాయి లాయర్ జ్యూరీని ఉద్దేశించి ఒక్క మాట మాట్లాడకూడదు. సాక్షుల్ని ప్రశ్నించవచ్చు, చట్టానికి సంబంధించిన పాయింటు లేవనెత్తవచ్చు. అంతవరకే. ప్రాసిక్యూషన్ లాయర్ మాత్రం మొదటే లేచి, కేసు ఇదీ అని కథంతా వరసపెట్టి చెప్పవచ్చు. ముద్దాయి వైపు కథ ముద్దాయే చెప్పుకోవాలి. అదీ ప్రమాణం లేకుండా, బోనులో నిలబడి, అప్పటికప్పుడు. ముద్దాయి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకునే హక్కు మామూలుగా వచ్చింది 1898లో.

ఈ పద్ధతికి పెద్దలు చెప్పిన సమర్థన విని నాకు ఒళ్ళు మండింది. విలియం హాకిన్స్ అనే న్యాయశాస్త్ర పండితుడు 1721లోనే రాశాడు: నిజాయితీగా తన వైపు మాట చెప్పుకోవడానికి నేర్పు ఏమీ అక్కర్లేదని. నిర్దోషి అయితే ఆ నిర్దోషిత్వమే మాట్లాడుతుందట. దోషి అయితే అతని మొహం, తడబాటు పట్టిస్తాయట. పైగా జడ్జిగారే ముద్దాయికి లాయర్ లాంటివాడు, వేరే లాయర్ ఎందుకు అన్నారు. ఎలైజాకు లాయర్ లాంటివాడు సిల్వెస్టర్ అన్నమాట.

భయపడ్డ మనిషి ఎలా మాట్లాడతాడో వీళ్ళలో ఎవరికైనా తెలుసా? ఇప్పుడు మా అమ్మ సంగతి చెబుతాను.

మాది రాజమండ్రి. నేను ఏడో క్లాసులో ఉండగా అమ్మ దానవాయిపేటలో ఒక పెద్ద ఇంట్లో వంట చేసేది. అప్పటికి నాలుగేళ్ళుగా చేస్తోంది. ఒకరోజు ఆ ఇంటావిడ స్నానానికి వెళ్తూ తీసిపెట్టిన ఉంగరం కనపడలేదు. మర్నాడు పొద్దున్న అమ్మ పనికి వెళ్ళగానే హాల్లో నిలబెట్టి అడిగారు. ఆదివారం కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. అమ్మ గడుసుది. వీధిలో కూరల వాడితో, రేషన్ షాపు వాడితో ఎంత గట్టిగా మాట్లాడేదో నాకు తెలుసు. ఆ హాల్లో మాత్రం "నాకు తెలీదమ్మగారూ" అన్న ముక్క తప్ప రాలేదు. మళ్ళీ అడిగితే, "ఉప్పు కావాల్సొచ్చినా మిమ్మల్ని అడక్కుండా పట్టుకెళ్ళలేదు కదమ్మగారూ" అంది. ఉంగరం గురించి అడుగుతుంటే ఉప్పు గురించి చెబుతోంది. చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు చూసి ఇంటాయన "చూశావా, ఎలా తడబడుతోందో" అని భార్యతో అనడం నా చెవులతో విన్నాను. పోలీసులకు చెబుతామన్నారు.

నేను పరుగెత్తుకెళ్ళి మా వీధిలో ఉండే తాతయ్యను తీసుకొచ్చాను. మా సొంత తాతయ్య కాదు, కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరైన పెద్దాయన. జీవితమంతా కోర్టు హాలు తలుపు దగ్గర నిలబడి విన్నవాడు. ఆయన అరవలేదు, బతిమాలలేదు. "అమ్మా, ఉంగరం ఎక్కడ పెట్టారు? ఎన్నింటికి? మళ్ళీ ఎన్నింటికి చూసుకున్నారు? ఈ మధ్యలో ఆ వైపు ఎవరెవరు వెళ్ళారు?" అని నెమ్మదిగా అడిగాడు. చెప్పుకుంటూ పోతే తేలింది ఏమిటంటే, ఆవిడ ఉంగరం తీసేటప్పటికే అమ్మ పని ముగించుకుని ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత కరెంటు పనివాడు వచ్చాడు, చుట్టాల పిల్లలు వచ్చారు. పోలీసుల మాట మళ్ళీ ఎత్తలేదు. ఉంగరం దొరికిందో లేదో మాకు తెలియదు. అమ్మ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు.

తాతయ్య అడిగిన ప్రశ్నలు అమ్మ అడగలేదా? అమ్మకు టైము తెలుసు, తను ఎప్పుడు బయటికి వచ్చిందో తెలుసు. కానీ దొంగ అన్న మాట మీద పడ్డ క్షణంలో మనిషికి లెక్కలు గుర్తుకురావు, పరువు గుర్తుకొస్తుంది. తను మంచిదాన్నని చెప్పుకోవాలని చూస్తుంది. ఎలైజా కూడా అదే చేసింది. నా పని నాకు నచ్చింది అంది. కత్తుల గురించి, పిండి గురించి, సొరుగుకు తాళం లేదని, ఆ ఇంట్లో అందరికీ అది అందుబాటులోనే ఉందని చెప్పలేకపోయింది. ప్రాణం పణంగా ఉన్న చోట తన కేసు తానే వాదించుకోమనడం, విరిగిన కాలితో ఆస్పత్రికి నడిచి రమ్మనడం లాంటిది.

జ్యూరీ నిమిషాల్లో దోషి అని తేల్చింది. అప్పటికి 1803 నాటి ఎలెన్‌బరో చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం చంపాలని విషం పెడితే చాలు, చనిపోకపోయినా ఉరే. ఎలైజా కోసం పిటిషన్లు వెళ్ళాయి. తీర్పు తర్వాత, ఉరికి ముందు, ఒక మందుల వ్యాపార సంస్థలో పనిచేసే వ్యక్తి ముందుకొచ్చి ఒక సంగతి చెప్పాడు. కొన్ని నెలల కిందట రాబర్ట్ టర్నరే మతి చెదిరిన స్థితిలో తమ దగ్గరికి వచ్చాడని, నన్ను కట్టడి చేయండి, లేకపోతే నన్ను, నా భార్యను చంపేసుకుంటానని అన్నాడని చెప్పాడు. దీనివల్ల టర్నరే విషం కలిపాడని నేను అనడం లేదు. కానీ మనిషి ప్రాణం తీసేముందు ఆగి చూడవలసిన మాట కాదా అది? ఆగలేదు. జులై 26న న్యూగేట్ జైలు బయట, తెల్ల గౌనులో, మరో ఇద్దరు మగవాళ్ళతో పాటు ఆమెను ఉరితీశారు. దేవుడి ముందు నిర్దోషినని ఆఖరి క్షణం దాకా చెబుతూనే ఉంది. 22 ఏళ్ళు. అంత్యక్రియల నాడు తెల్ల బట్టలు కట్టుకున్న ఆరుగురు అమ్మాయిలు శవపేటిక పక్కన నడిచారు. వెనకాల వేల మంది జనం. మాట్లాడవలసిన చోట ఒక్కరికీ అనుమతి లేకపోయింది, చచ్చిపోయాక మాత్రం లండన్ వీధులు నిండిపోయాయి.

ఈ ఆలీ అనే లాయర్ పేరు నాకు మరో కేసులోనూ కనపడింది. 1812 మే 11న బ్రిటన్ ప్రధాని స్పెన్సర్ పెర్సివల్‌ను పార్లమెంటు లాబీలో జాన్ బెల్లింగమ్ అనే వ్యాపారి కాల్చి చంపాడు. రష్యాలో జైలుపాలై, ఆ నష్టానికి ప్రభుత్వం పరిహారం ఇవ్వలేదన్న కక్షతో ఏళ్ళ తరబడి రగిలిపోయిన మనిషి. నాలుగు రోజులకే, మే 15న, విచారణ. ఇతనికి మతిస్థిమితం లేదని చెప్పే సాక్షులు లివర్‌పూల్ నుంచి రావాలి, కాస్త వాయిదా ఇవ్వండి అని ఆలీ అడిగాడు. జడ్జి ఒప్పుకోలేదు. బెల్లింగమ్ తనకు మతి సరిగానే ఉందని తనే వాదించుకున్నాడు. మే 18న ఉరి. హత్య జరిగిన రోజుతో కలిపి లెక్కపెట్టినా ఎనిమిది రోజులు.

దీని పక్కన 1800 నాటి జేమ్స్ హాడ్‌ఫీల్డ్ కేసు పెట్టి చూడండి. ఇతను యుద్ధంలో తలకు కత్తి గాయాలు తగిలి మతి చెడిన సైనికుడు. డ్రూరీ లేన్ థియేటర్‌లో మూడో జార్జ్ రాజు మీదే తుపాకి పేల్చాడు. గురి తప్పింది. అది రాజద్రోహం కేసు. రాజద్రోహం కేసుల్లో ముద్దాయి లాయర్ పూర్తిగా వాదించవచ్చని 1696లోనే చట్టం చేశారు, ఎందుకంటే ఆ కేసుల్లో ఇరుక్కునేది ఎక్కువగా పార్లమెంటు పెద్దమనుషులే. ఆ హక్కు వల్ల థామస్ ఎర్స్‌కిన్ లాంటి మహా వక్త లేచి, మతి చెడటమంటే ఏమిటో జ్యూరీకి విడమరిచి చెప్పాడు, డాక్టర్లను పిలిపించాడు. హాడ్‌ఫీల్డ్‌కు ఉరి తప్పింది, పిచ్చాసుపత్రికి పంపారు. రాజు మీద కాలిస్తే లాయర్ మాట్లాడొచ్చు. ప్రధాని మీద కాలిస్తే మాట్లాడకూడదు. డంప్లింగ్స్ చేసిన వంటమనిషి కోసం అసలే మాట్లాడకూడదు. ఇద్దరు మతి చెడిన మనుషుల్లో ఒకడు బతికి ఒకడు చావడానికి కారణాలు ఇంకా ఉండవచ్చు, ఆ ఇద్దరూ ఒకేలాంటి వాళ్ళు కూడా కారు. కానీ ఆ వారం రోజుల పరుగులో బెల్లింగమ్ బుర్రలో ఏముందో కనుక్కునే ప్రయత్నమే జరగలేదన్నది మాత్రం నిజం.

ఇక్కడ చాలామంది నన్ను అడుగుతారు. నిర్దోషికి లాయర్ ఉండాలంటే సరే, పచ్చి హంతకుడికి ఎందుకు? చేసిందంతా కళ్ళకు కనిపిస్తున్నవాడి తరఫున మాట్లాడటం సిగ్గుచేటు కాదా?

నా జవాబు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉంది. విలియం బర్క్, విలియం హేర్ అనే ఇద్దరు 1828లో 16 మందిని చంపి, ఆ శవాలను కోసి పాఠం చెప్పుకోవడానికి డాక్టర్ రాబర్ట్ నాక్స్‌కు అమ్మారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పేదలు, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు, ఒంటరివాళ్ళు. ఇంతకంటే జనం అసహ్యించుకునే ముద్దాయి ఉంటాడా? స్కాట్లండ్ చట్టం వేరు. అక్కడ ముద్దాయి లాయర్ జ్యూరీతో మాట్లాడవచ్చు, పైగా ఆఖరి మాట ముద్దాయి వైపుదే. పేదవాళ్ళ తరఫున లాయర్లు నిలబడాలన్న చట్టం అక్కడ 1424 నుంచే ఉంది. 1828 డిసెంబర్ 24న బర్క్ తరఫున లేచింది ఎవరో చిన్న లాయర్ కాదు, అక్కడి లాయర్లందరికీ పెద్ద అయిన సర్ జేమ్స్ మాంక్రీఫ్. బర్క్‌తో కలిసి ఉంటున్న హెలెన్ మెక్‌డూగల్ తరఫున హెన్రీ కాక్‌బర్న్. హేర్ అప్రూవర్‌గా మారి, తనకు శిక్ష పడకుండా చూసుకుని, వీళ్ళ మీద సాక్ష్యం చెప్పాడు.

ఆ లాయర్లు మొదట చేసిన పని, మూడు హత్యలు ఒకే ఛార్జిషీటులో కలిపేయడాన్ని అడ్డుకోవడం. హెలెన్‌ మీద ఆరోపణ ఒక్క హత్యలోనే. మిగిలిన రెండిటి రక్తం కూడా ఆమె మీద చిందితే జ్యూరీ ఎలా చూస్తుంది? కోర్టు ఆ వాదన విన్నది, ఒక్క హత్యకే విచారణ జరిపింది. రాత్రంతా సాగి క్రిస్మస్ ఉదయం తీర్పు వచ్చింది. బర్క్ దోషి. హెలెన్ మీద నేరం రుజువు కాలేదు. బయట జనం ఆమెను చంపేయడానికి ఎగబడ్డారు. 1829 జనవరి 28న బర్క్‌ను ఉరితీశారు.

ఉత్తమ లాయర్లు వాదించినా బర్క్‌కు ఉరి తప్పలేదు. న్యాయానికి వచ్చిన నష్టమేమిటి? రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా బర్క్ నిర్దోషేమో అన్న అనుమానం ఎవరికీ లేదు. ఎలైజా మాట వచ్చినప్పుడు మాత్రం ఈనాటికీ మనసు కలుక్కుమంటుంది. ఆమె నిజంగా దోషో కాదో తేల్చిచెప్పే దారి కూడా లేకుండా పోయింది. లాయర్ నోరు నొక్కి సాధించింది ఇదే.

లాయర్ ఉన్నంత మాత్రాన సరిపోదనీ ఒప్పుకోవాలి. ఈ మాట చెప్పకపోతే నేను సగం నిజమే చెప్పినట్టు. 1803లో డబ్లిన్‌లో తిరుగుబాటు చేసి పట్టుబడ్డ రాబర్ట్ ఎమ్మెట్‌ది రాజద్రోహం కేసు, కాబట్టి లాయర్లు ఉన్నారు. అందులో ఒకడు లెనర్డ్ మెక్‌నల్లీ. ఐర్లండ్ దేశభక్తుల తరఫున ఏళ్ళుగా నిలబడినవాడు, వాళ్ళకు ఆప్తుడు. 1820లో అతను చనిపోయాక తెలిసింది, ప్రభుత్వం నుంచి ఏడాదికి 300 పౌండ్లు రహస్యంగా తీసుకుంటూ తన క్లయింట్ల సంగతులు చేరవేసేవాడని. ఎమ్మెట్ కేసు నడుస్తున్నప్పుడు కూడా అంతే. సెప్టెంబర్ 19న విచారణ, 20న ఉరి. నా సమాధి మీద ఎవరూ ఏమీ రాయవద్దు, నా దేశం మిగతా దేశాల సరసన నిలిచిన రోజే రాయండి అని ఎమ్మెట్ కోర్టులో చెప్పిన మాటలు ఐర్లండ్‌లో పిల్లలు కంఠస్థం చేసేవాళ్ళు. ఆ మాటలు చెబుతున్నప్పుడు అతని వైపు కూర్చున్న మనిషి ఎవరి మనిషో అతనికి తెలియదు. హక్కు కాగితం మీద ఉండటం వేరు, మన వైపు కూర్చున్నవాడు నిజంగా మనవాడు కావడం వేరు.

ఇవన్నీ ఎక్కడో పాత ఇంగ్లండ్ గొడవలని నేను అనుకోలేకపోవడానికి కారణం ఉంది. ఇంగ్లండ్‌లో 1836లో చట్టం మారింది, జడ్జీల్లో చాలామంది వద్దన్నా ముద్దాయి లాయర్‌కు నోరు వచ్చింది. మన రాజ్యాంగం 22వ అధికరణంలో, అరెస్టయిన మనిషికి తనకు నచ్చిన లాయర్ ద్వారా వాదించుకునే హక్కు రాసుకున్నాం. లాయర్‌ను పెట్టుకోలేని వాళ్ళకు ఉచిత న్యాయసహాయం అందాలని 39ఎ అధికరణం చెబుతోంది. అయినా 2019 నవంబర్‌లో, హైదరాబాద్ శివార్లలో ఒక యువ డాక్టర్‌ను అత్యంత దారుణంగా చంపిన కేసులో నలుగురిని పట్టుకున్నప్పుడు, వాళ్ళ తరఫున వాదించబోమని షాద్‌నగర్ లాయర్లు తీర్మానించారు. ఇలాంటి తీర్మానాలు రాజ్యాంగానికి, లాయర్ వృత్తి ధర్మానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పి ఉంది. డిసెంబర్ 6న ఆ నలుగురూ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తన నివేదికలో చెప్పింది.

ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే నాకూ రక్తం ఉడుకుతుంది. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో అందరూ పండగ చేసుకుంటుంటే నేను నోరు మెదపలేదు. అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ నలుగురి మీద జాలితో కాదు. ఆ రాత్రి ఏం జరిగిందో, ఎవరు ఏం చేశారో, వేరే ఎవరికైనా దాంట్లో పాత్ర ఉందో లేదో ఒక కోర్టు ముందు, ఎదురు ప్రశ్నలు తట్టుకుని తేలవలసిన నిజం ఉంది. అది ఆ అమ్మాయి తల్లిదండ్రులకు రావలసిన నిజం. అది ఇక రాదు. ఎడిన్‌బరో జనం బర్క్ చేతిలో చనిపోయిన పేదవాళ్ళకు ఇవ్వగలిగింది మనం ఇవ్వలేకపోయాం.

ప్రశ్న అడిగేవాడు ఉంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే 1829 అక్టోబర్‌లో కార్క్ కోర్టుకు వెళ్ళాలి. ఎలైజా తల్లి ఊరు. డోనరేల్ అనే పల్లె చుట్టుపక్కల రైతులు, కూలీలు ఇరవై మంది దాకా, భూస్వాములైన మేజిస్ట్రేట్లను చంపడానికి కుట్ర పన్నారని కేసు. సాక్ష్యమంతా డబ్బు తీసుకుని చెప్పే ఇన్‌ఫార్మర్లది. మొదట నలుగురిని విచారించారు. నలుగురికీ ఉరిశిక్ష వేశారు. మిగిలినవాళ్ళ ఇళ్ళల్లో ఏడుపులు మొదలయ్యాయి. వాళ్ళ తరఫున విలియం బర్క్ అనే మనిషి (ఎడిన్‌బరో బర్క్ వేరు, ఈయన వేరు) గుర్రమెక్కి, రాత్రంతా దాదాపు 90 మైళ్ళు స్వారీ చేసి, సముద్రం ఒడ్డున డెరినేన్‌లో ఉన్న డానియల్ ఓకానల్ ఇంటికి తెల్లారేసరికి చేరాడు. ఓకానల్ అప్పటికి ఐర్లండ్‌లో అందరికీ తెలిసిన లాయర్, నాయకుడు. వెంటనే బండి కట్టించుకుని బయల్దేరాడు. సోమవారం పొద్దున్న కార్క్ చేరి, దుమ్ము దులుపుకోకుండా కోర్టులోకి వెళ్ళి, అక్కడే రొట్టె, పాలు తెప్పించుకుని తింటూ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

ఐర్లండ్‌లో కూడా ఆయన జ్యూరీతో మాట్లాడకూడదు. సాక్షుల్ని ప్రశ్నించడం ఒక్కటే ఆయుధం. ఆ ప్రశ్నలతోనే ఇన్‌ఫార్మర్ల కథలు ఒకదానికొకటి పొసగకుండా పోయాయి. పాట్రిక్ డేలీ అనే ముఖ్య సాక్షి అంతకుముందు రాసిచ్చిన వాంగ్మూలం ఒకటి, కోర్టులో చెప్పేది ఇంకొకటి అని బయటపడింది. రెండో జ్యూరీ ఒక మాట మీదికి రాలేక చీలిపోయింది. మూడో జ్యూరీ తన ముందున్నవాళ్ళు నిర్దోషులంది. ఆ తర్వాత మిగిలినవాళ్ళను వదిలేశారు.

అదే కోర్టు, అవే ఆరోపణలు, అదే డేలీ. ఓకానల్ బండి చేరడానికి రెండు రోజుల ముందు అదే సాక్ష్యానికి దోషులైన నలుగురికి ఉరి రద్దయింది గానీ విడుదల రాలేదు. ఓడెక్కించి ఆస్ట్రేలియాకు పంపేశారు.